ఒక్క మనిషికి సరిపడా గ్రిల్

ఆ రోజుల్లో నాకు రెండు సంగతులు బాగా తెలుసుననుకునేవాణ్ణి. వంట అనేది పదిహేను నిమిషాల పని అని ఒకటి, ఒక్కణ్ణే కూర్చుని తినడం పెద్ద విషయం కాదని రెండోది. ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి ఇలాంటివి చాలా తెలుస్తాయి. సునామీ వెళ్లిపోయిన కొన్ని నెలలకి విశాఖపట్నంలో ఓడెక్కి (దారి పొడుగునా వాంతులు చేసుకుంటూ) పోర్ట్ బ్లెయిర్‌లో గుమస్తాగా దిగాను. డైరీ ఫార్మ్ అనే పేటలో క్వార్టర్ ఇచ్చారు. ఒకే కప్పు కింద రెండిళ్లు. వెనక రెండు పెరళ్లకీ మధ్య ఉండాల్సిన గోడ భూకంపానికి కూలి, ఇటుకలు కుప్పగా పడి ఉండేవి. పక్కింట్లో ఎప్పుడో శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ టీచరక్క, ఆవిడ భర్త, ఇద్దరు ఆడపిల్లలు. ఆయన ఓడలో ఇంజిన్ పని చేసేవారు, ఆ ఓడ దీవులకి బియ్యం, రేకులు మోస్తూ తిరిగేది. ఆవిడ పొద్దున బడిలో, మధ్యాహ్నం నుంచి సహాయ శిబిరంలో. సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా పిల్లలకి బ్రెడ్డు ముక్కలు పెట్టేవారు. నేను "నమస్తే అక్కా" అంటే ఆవిడ "నమస్తే, నమస్తే" అనేవారు. అదే మా స్నేహం మొత్తం.

వాళ్ల పళ్లేల చప్పుడు గోడలోంచి నాకు వినిపించేది. నా పళ్లెం చప్పుడు కాకుండా నేను జాగ్రత్తపడేవాణ్ణి. ఒక్క పళ్లెం చప్పుడు వింటే ఏమనుకుంటారో అని సిగ్గు. నిజం చెప్పొద్దూ, చాలా దిగులుగా ఉండేది. ఎవరైనా "తిన్నావా?" అని అడిగితే బాగుండునని ఉండేది, అడిగితే మాత్రం "ఆఁ, ఎప్పుడో!" అనేవాణ్ణి.

దానికి తోడు గ్యాస్ అయిపోయింది. ఓడ వస్తేగాని సిలిండర్ రాదు. మా ఆఫీసులో పెద్ద గుమస్తా ఒక ఉపాయం చెప్పాడు. "అరే బాబూ, గ్యాస్ కోసం ఏడుస్తావేటి? గ్రిల్ ఒకటి చేయించుకో. బొగ్గుల మీద ఏది పడేసినా పది నిమిషాల్లో ఖానా తయార్." ఆ సాయంత్రమే బ్రూక్షాబాద్‌లో వెల్డింగ్ షాపుకి వెళ్లాను.

"భయ్యా, నాకో గ్రిల్ కావాలి."

"సైజ్ బోలో."

"పెద్దదేం వద్దు. ఒక్క మనిషికి సరిపడితే చాలు."

అతను కళ్లకి అడ్డం పెట్టుకున్న నల్లద్దం తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "ఒక్కడైనా పదిమందైనా గ్యాప్ అదే భయ్యా. చెయ్యి పడతాది, తల పట్టదు."

చేప తల గురించి చెబుతున్నాడనుకున్నాను. "అంతే, అంతే, తల జారిపోకూడదు" అన్నాను.

"గ్యారంటీ! ఎక్కడ పెడతావ్?"

"వంటింటి దగ్గర."

"అచ్ఛా, కిచెన్ సైజ్. సమఝ్ గయా."

ఊరంతా పగుళ్లు పూడ్చుకుంటూ, కిటికీలు బిగించుకుంటూ ఉన్న కాలం అది. గ్రిల్ అంటే కిటికీ ఊచలని మన తెలుగువాళ్లలో ఎవరికి తెలియదు? నాకూ తెలుసు. ఆ పూట నా కడుపుకి తెలియలేదంతే. మూడో రోజున ఆటోవాడు నా గుమ్మంలో దింపిన సరుకు మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడుగు, నడిమధ్య ఒక ఇనప పువ్వు, నాలుగు మూలలా మేకులకి కన్నాలు. (రంగు వేయలేదు. నా జాతకంలో ఉన్న అదృష్టం ఆ మేరకే.) తిరిగి ఇచ్చేద్దామంటే మొహం చెల్లలేదు. కూలిన గోడ ఇటుకలు రెండు వరసలు పేర్చి, దాన్ని పైన పడుకోబెట్టి, కింద బొగ్గులు రాజేశాను. బజారులో చేపల దగ్గర జనం లేరు. ఎందుకు లేరో అడగాలన్న తెలివి నాకు లేదు. ఒక్క కానాగంత చేప తెచ్చి, ఉప్పూ కారం రాసి, ఆ మహా గ్రిల్ మీద ఒక మూల పెట్టాను. అంత ఇనుములో ఆ చేపని చూస్తే, జైల్లో పడేసి అందరూ మరిచిపోయిన ఖైదీలా ఉంది.

వాసన పక్కింట్లోకి వెళ్లింది. అక్క బయటికొచ్చి నన్నూ, చేపనీ చూసి, లోపలికెళ్లి తలుపు ధడాలున వేసేసుకున్నారు. ఆ చేపని బొగ్గుల మీదే మాడనిచ్చి నేనూ లోపలికెళ్లిపోయాను.

మర్నాడు పెద్ద గుమస్తా నెత్తి కొట్టుకున్నాడు. "ఆ అమ్మ అన్నయ్య కార్ నికోబార్ దీవిలో ఉండేవాడు. సముద్రం తీసుకుపోయింది, మనిషి దొరకలేదు. అప్పట్నుంచి ఆ ఇంట్లో చేప బంద్. ఊళ్లో చాలా ఇళ్లల్లో బంద్. నీకెవరూ చెప్పలేదేటి?" ఎవరు చెబుతారు? నాతో మాట్లాడేవాళ్లుంటే కదా! సిగ్గుతో చచ్చిపోయాను. ఉన్న ఒక్క నమస్తే కూడా పోయిందని భయం వేసింది.

ఆ సాయంత్రం గ్రిల్‌ని బూడిదా నిమ్మచెక్కా పెట్టి చేతులు మండేదాకా తోమాను. బొగ్గులు రాజేసి, రెండు వంకాయలు పెట్టి, పక్కింటి తలుపు వైపు తిరిగి గట్టిగా అరిచాను. "అక్కా! చేప కాదండీ! వంకాయ! ఒట్టు!"

కాసేపటికి తలుపు తెరుచుకుంది. అక్క వచ్చి ఇటుకల మీదున్నదాన్ని అటూ ఇటూ చూశారు. "ఏటి తమ్ముడూ ఇది? ఎవరింటి కిటికీ పీక్కొచ్చావు?"

జరిగిందంతా చెప్పాను, ఒక్క మనిషి దగ్గర్నుంచి తల జారిపోవడం దాకా. ఆవిడ ఇటుకల కుప్ప మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి, పైట చెంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వారు. పిల్లలిద్దరూ గుమ్మంలో నిలబడి వాళ్లమ్మని వింతగా చూస్తున్నారు. చివరికి, "ఇంత జాగా ఉంచుకుని రెండు వంకాయలేటి, సిగ్గులేదూ? చలో పిల్లలూ, ఆ చిలగడదుంపలు తెండి!" అన్నారు.

అలా నా పదిహేను నిమిషాల వంట ఐదుగురిదైంది. పొద్దున బడికెళ్లేముందు అక్క కోడి ముక్కలకి మిరియాలూ ఉప్పూ పసుపూ పట్టించి పెట్టేవారు. నేను ఆఫీసు నుంచి రాగానే బొగ్గులు రాజేసేవాణ్ణి. ఆవిడ శిబిరం నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేలోపు ముక్కలు, మొక్కజొన్న కండెలు, టమాటాలు అన్నీ కాలి సిద్ధంగా ఉండేవి. కాల్చిన వంకాయలో పచ్చిమిర్చీ ఉల్లిపాయా నలిపి, చింతపండు పిండితే అన్నంలోకి అదే కూర. గ్రిల్ మీద ఎవరి జాగా వాళ్లది. నడిమధ్య పువ్వు చిన్నపిల్లది. "పువ్వు నాది, ఎవరూ పెట్టకండి!" అని కాపలా కాసేది. కుడివైపు మూల నాది. బావగారు ఓడ మీద ఉంటే ఆయన జాగా ఖాళీగానే ఉంచేవాళ్లం.

వానలు తగ్గాక ఒక బుధవారం సాయంత్రం అక్క కాగితం పొట్లం విప్పి, ఐదు కానాగంతలు గ్రిల్ మీద పేర్చారు. ఆ వారం ఇంట్లోనే ఉన్న బావగారు నా వైపు చూశారు. నేను బొగ్గుల వైపు చూశాను. "అన్నయ్యకి ఇదంటే ప్రాణం. మేం తినడం మానేస్తే వాడొస్తాడేటి?" అన్నారావిడ. సగం తిని, కళ్లనీళ్లు కారుతుంటే, "ఉప్పు తక్కువైంది తమ్ముడూ" అన్నారు. ఉప్పు సరిపోయింది. అయినా లేచెళ్లి డబ్బా తెచ్చాను.

మరుసటేడు వాళ్లు తుష్నాబాద్‌లో సొంతిల్లు కట్టుకున్నారు. వంటింటి కిటికీ కొలిస్తే సరిగ్గా మూడు బై నాలుగు. గ్రిల్‌ని నేనే ఒకవైపు పట్టుకుని మోసి, బిగించి వచ్చాను. "నువ్వింకోటి చేయించుకో తమ్ముడూ. ఈసారి ముందే చెప్పు, చేప కోసమని" అన్నారు అక్క. తర్వాత మేస్త్రీలొచ్చి పెరట్లో గోడ మళ్లీ కట్టారు, ఆ ఇటుకలతోనే. మసి పట్టిన వైపు నా పెరట్లోకి వచ్చింది. ఇంకో గ్రిల్ నేను చేయించుకోలేదు.

ఇరవై ఏళ్లయింది. ఇప్పుడు పిల్లల చదువులకని మా ఆవిడ విశాఖలో ఉంటోంది, నేను మళ్లీ ఇక్కడ ఒక్కణ్ణే. మొన్న బజారులో కరెంటు గ్రిల్ కొందామని వెళ్లాను. షాపతను అరచేతంత పెట్టె ఒకటి ముందు పెట్టాడు. "ఇది తీసుకోండి సార్, ఒక్క మనిషికి సరిగ్గా సరిపోద్ది."

ఆ రోజుల్లో నేను అడిగింది ఇదే కదా అనుకుంటే నవ్వొచ్చింది. "మూడు బై నాలుగు ఉందా?" అని అడిగాను.

"అది కిటికీ సైజ్ సార్! వెల్డింగ్ షాపుకి వెళ్లండి."

వెళ్లలేదు. అక్క ఇంటికెళ్లి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టుకుంటూ కాసేపు బజారులో నిలబడ్డాను. తర్వాత ఆరు వంకాయలు కొని తుష్నాబాద్ బస్సెక్కాను. (ఒక్కడికైతే రెండు చాలు.)