ఆరు శేర్ల పిండికి అయిదు శేర్ల బెల్లం

మొన్న నా మనుమరాలు వంటింటి గట్టు మీద చిన్న తూకం మిషను పెట్టి, "అవ్వా, అరిసెలకు బెల్లమెంతో గ్రాములల్ల చెప్పు. మానికలు నాకేం ఎరుక?" అంది. తడుముకోకుండా చెప్పాను. తూకమూ, కొలతా, రెంటికీ మధ్యనున్న గొయ్యీ నాకు తెలుసు. ఆ గోతిలో ఇంటిల్లిపాదీ పడితే పైకి లాగినదాన్ని నేనే. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటారేమో, అనుకోండి.

నైజాం రోజులు. నాకు పదహారేళ్లు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి కోడలిగా వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆ రోజు నా ఆడబిడ్డను మొదటిసారి దోమకొండకు, అత్తవారింటికి పంపుతున్నారు. పొద్దుగూకేలోపు బండి కట్టాలి, బండిలో గంపెడు అరిసెలుండాలి. అవి గట్టిపడ్డాయంటే ఆ పిల్లకు బతికినన్నాళ్లూ ఎత్తిపొడుపులే. అందరిలాగే మా అత్తగారూ అన్నాళ్లూ మానికతోనే కొలిచేవారు: తడిపిండి రెండు మానికలైతే దంచిన బెల్లం ఒక మానిక. అయితే ఆ నెలలోనే మా మామగారు గంజ్ బజారు నుంచి కొత్త తరాజు కొనితెచ్చారు. అప్పటినుంచి ఇంట్లో ఉప్పురాయి కూడా తరాజు ఎక్కనిదే కుండలోకి దిగేది కాదు. అత్తగారు ఆరు శేర్ల పిండి తూచి, పాత అలవాటు కొద్దీ అందులో సగం, అంటే మూడు శేర్ల బెల్లం తూచారు. పాకంలో తూచిన పిండంతా పోశాక ముద్ద కాలేదు, ఇసుకలా రాలింది. నూనెలో వేసిన నాలుగూ రాళ్లయ్యాయి. మళ్లీ బియ్యం నానబెట్టి దంచే వ్యవధి లేదు. గరిట నా చేతిలో ఉంది కదా, నేరమూ నాదే అయింది.

"మంచిగ తూచి ఇస్తే గిట్ల చేసింది!" అన్నారు అత్తగారు.

"తరాజు అబద్ధమాడ్తదా?" అని అరుగు మీద నుంచి మామగారు.

ఆడబిడ్డ మూలన నిలబడి ఏడుస్తోంది. అది చూసేసరికి నాకు భయం పోయి ఒళ్లు మండింది. కోడలు మామతో నేరుగా మాట్లాడని రోజులు. తలుపు చాటున నిలబడి, అరుగుదాకా వినపడేటట్టు ఆడబిడ్డతోనే అన్నాను.

"మీ బాపును ఒక్కపారి తూచమను. గీ చెంబు నిండ తూచంగ మిగిలిన పిండి, మల్ల గదే చెంబు నిండ బెల్లం."

ఆయన నవ్వుతూనే తూచారు. చెంబెడు పిండి ముప్పావు శేరు తూగింది. చెంబెడు బెల్లం శేరుంబావు. నవ్వు ఆగిపోయింది. తూకపు రాళ్లు మార్చి మళ్లీ తూచారు, అంతే. నేను వేలి కణుపుల మీద లెక్క కట్టాను: రెండు చెంబుల పిండి శేరున్నర, దానికి చెంబెడు బెల్లం శేరుంబావు. అంటే ఆరు శేర్ల పిండికి అయిదు శేర్ల బెల్లం. పాకంలో రెండు శేర్లు తక్కువ పడిందన్నమాట. ఆ రెండు శేర్లూ పాకం పట్టి, రాలిన పిండిలో పోసి, చేతులు కాలుతున్నా కలిపాను. ముద్ద కుదిరింది. అరిసెలు ఎర్రగా, మెత్తగా పొంగాయి. మామగారు ఒకటి తిని, ఇంకొకటి కూడా తిని, వాకిట్లో అందరి ముందూ గట్టిగా అన్నారు.

"తరాజు తెచ్చింది నేనే గని, తూచుడు నేర్పింది నా కోడలు. బండి కట్టుండ్రి!"

అత్తగారు వచ్చి నా కాలిన వేళ్లకు వెన్న రాశారు. వారం తిరక్కుండా దోమకొండ నుంచి ఖాళీ గంప, ఇంకో గంపెడు పంపమని కబురు వచ్చాయి. ఆ పూట నేను నేల మీద నడిచానా అని ఇప్పటికీ అనుమానమే. శేర్లు పోయాయి, మానికలు పోయాయి, ఆ వాకిట్లో నిలబడ్డ మనుషులందరూ పోయారు. కాలం నా దగ్గర నుంచి ఇన్ని పట్టుకుపోయింది గానీ, బండి కట్టిన ఆ సాయంత్రాన్ని మాత్రం ఇంతవరకూ లాక్కోలేకపోయింది.