నలభై అయిదు నిమిషాల కబుర్లు

మోంటానా కొండల్లో అడవి మంటలార్పే దళంలో లొరెట్టా హాగెన్‌కి ఇరవై రెండేళ్ల అనుభవం. అయినా ప్రతి వసంతంలోనూ పరీక్ష తప్పదు. వీపున నలభై అయిదు పౌండ్ల మూటతో మూడు మైళ్లు, నలభై అయిదు నిమిషాల్లో నడవాలి. పరిగెత్తకూడదు. ఈ ఏడు ఆమె రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే ఇక కొండెక్కనివ్వరు, ఊళ్లో ఆఫీసులో కూర్చుని ఫోన్లు ఎత్తాల్సిందే. ఆ మాట తలచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చేది.

"యాభై ఆరేళ్లొచ్చాయి మేవిస్. ఒంట్లో సత్తువ అయిపోయింది," అంది.

దళానికి వంట చేసే మేవిస్ కూడా ఒకప్పుడు మంటలార్పినదే. "వయసు మీదకి నెట్టకు. పరీక్ష పొద్దున ఏం తిన్నావ్?"

"నల్ల కాఫీ. పరీక్ష రోజు అందరం అంతేగా."

ఒళ్లు తేలిగ్గా ఉండాలని ఆ దళంలో ఎవరో మహానుభావుడు మొదలుపెట్టిన ఆచారం అది. కుర్రాళ్లకు చెల్లిపోతోంది.

"ఖాళీ కడుపుతో వెళ్లి, మొదటి మైలంతా కుర్రాళ్లకంటే ముందు నడిచావ్. గొప్ప చూపించాలిగా! ఉన్న చితుకులన్నీ ఒకేసారి మంటలో వేస్తే చివరికేం మిగుల్తుందే? రెండో మైలుకి కాళ్లు పట్టేశాయి, ఊపిరాడలేదు. అవునా?"

"రెండుసార్లూ అంతే," అంది లొరెట్టా.

మూడోసారి మేవిస్ దగ్గరుండి గిన్నెడు ఓట్స్ జావ తినిపించి, మైదానం చుట్టూ తనూ పక్కన నడిచింది. మూడు మైళ్లంటే పన్నెండు చుట్లు. "మాట్లాడుతూ నడు. మాట తెగిందంటే జోరెక్కువైనట్టు."

"ఏం మాట్లాడను?"

"రసెల్ గురించి చెప్పు."

రసెల్ ఆమె భర్త. పోయి మూడేళ్లయింది. ఎవరైనా ఆ పేరెత్తితే లొరెట్టా లేచి వెళ్లిపోయేది. ఇప్పుడు ఎక్కడికి వెళ్తుంది?

"గురక పెట్టేవాడు," అంది చివరికి. "గుడారం ఎగిరిపోయేంత గురక."

తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. కుర్రాళ్లు దాటిపోతున్నా ఆమె పట్టించుకోలేదు. మాట తడబడితే అడుగు తగ్గించింది, కుదుటపడితే పెంచింది. తొమ్మిదో చుట్టులో కాళ్లు బరువెక్కాయిగానీ పట్టెయ్యలేదు.

"నలభై నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు!" గడియారం పట్టుకున్న అధికారి అరిచాడు. "పాసయ్యావ్ లొరెట్టా! మూట దించెయ్."

"ఉండవయ్యా," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "చేపలు పట్టబోయి ఆయన ఏట్లో పడ్డ సంగతి సగంలో ఉంది."

మేవిస్ చెయ్యి పట్టుకుని, మూటతోనే ఇంకో చుట్టు నడిచింది.