హాతీరాం నాలుగేళ్లు

హాతీరాంకు రెండు వయసులు. ఒకటి వాళ్లమ్మ ఇచ్చింది, రెండోది కంపెనీ ఇచ్చింది. రెంటికీ నాలుగేళ్ల తేడా. ఇల్లందు దగ్గరి తండా నుంచి పదిహేడేళ్లకు బొగ్గుబాయిలో పనికి వచ్చినప్పుడు గుమాస్తా తలెత్తకుండానే "వయసెంతరా?" అన్నాడు. వెనక నిలబడ్డ మేనమామ, వాడి వీపులో వేలితో పొడిచాడు. మూతి మీద నూగు కూడా లేని హాతీరాం "ఇరవై ఒకటి సార్" అన్నాడు. గుమాస్తా రాసుకున్నాడు. పుట్టిన తేదీ జూలై ఒకటి. ఆ రోజు వరసలో నిలబడ్డ వాళ్లంతా జూలై ఒకటినే పుట్టారు, వాళ్ల తల్లులకు తెలియకుండా!

ఉద్యోగమైతే వచ్చింది. డబ్బు దాచడమే రాలేదు. మొదటి జీతంతో రేడియో, చేతిగడియారం కొన్నాడు. గడియారం బాయిలో దిగిన మూడో రోజే ఆగిపోయింది. ముప్పై దాటాక తండాలో చీటీ వేస్తే, చీటీ నడిపినవాడు రాత్రికి రాత్రి బిచాణా ఎత్తేశాడు. నలభై దాటాక ఈము పక్షుల పిచ్చి పట్టింది. రెండు జతలు తెచ్చాడు. గుడ్లు కొంటామన్న కంపెనీ జాడ లేదు. పక్షులు మాత్రం రోజూ బస్తాలకొద్దీ దాణా మింగి, ఒకనాడు హాతీరాం తొడ మీదే తన్నాయి.

"కోడైతే కూరొండుత, మేకైతే పాలు పిండుత. దీన్ని ఏం చెయ్యాలె, మొక్కాల్నా?" అంది భార్య ద్వాలి. చివరికి వాటినీ కూర వండింది. తండా అంతా తిని, బాగాలేదంది.

ఇలాంటి మనిషికి యాభై దాటాక బుద్ధి వచ్చింది. వచ్చిన బుద్ధయినా నేరుగా వచ్చిందా? లేదు. ఇల్లందులో బ్యాంకు లోను తీసి రెండంతస్తుల ఇల్లు మొదలుపెట్టాడు. కింద తాము, పైన కిరాయికి. కూతురు కళ్యాణిని ఖమ్మంలో నర్సింగ్ కాలేజీలో చేర్చాడు. లోను వాయిదాలు, కాలేజీ ఫీజు, అన్నీ తన అసలు వయసు మీద లెక్కేశాడు. అంటే కాగితం మీద ఉన్నదానికంటే ఇంకో నాలుగేళ్లు ఎక్కువ జీతం వస్తుందని!

"దిగేది అరవై ఒకటికి, కాయితంల ఇంకో ఏడే ఉన్నది గదా?" అంది ద్వాలి.

"కాయితాన్ని సరి చేపిస్త. రూప్‌సింగ్ ఉన్నడు."

రూప్‌సింగ్ అంటే బాయి గేటు ముందు టీ కొట్టులో కూర్చుని అందరి పనులూ చేసిపెడతానని డబ్బు గుంజే పైరవీకారు. వయసు దిద్దిస్తానని వాడు నలభై వేలు తిన్నాడు. ఆరు దరఖాస్తులు పెట్టించాడు.

ఈలోగా రిటైరై దిగిపోయేవాళ్లకు కంపెనీ ఒక క్లాసు పెట్టింది. ప్రమీలారాణి అనే బ్యాంకు మేడం బోర్డు మీద మెట్లు గీసింది. ఇరవైల్లో పొదుపు, ముప్పైల్లో బీమా, నలభైల్లో పిల్లల చదువు, యాభైల్లో అప్పులన్నీ తీర్చి ఏ బరువూ లేకుండా ఖాళీ చేతులతో కూర్చోవడం. హాతీరాంకు ఖాళీ చేతులు మాత్రం ముందునుంచీ ఉన్నాయి.

"మేడం, నేను పదిహేడేండ్లకే మీ ఇరవైల మెట్టు మీద నిలబడ్డ. నడుమ నాలుగేండ్లు యాడ వోయినయో మీ బోర్డుల చూపెట్టుండ్రి" అన్నాడు. హాలంతా గొల్లుమంది. సగంమందికి అదే రోగం కదా, అందుకే నవ్వు అంత గట్టిగా వచ్చింది.

మొత్తానికి వయసు తేల్చే మెడికల్ బోర్డు ముందుకు రమ్మని పిలుపొచ్చింది. రూప్‌సింగ్ సలహా మీద హాతీరాం మీసం తీసేశాడు, జుట్టుకు నల్లరంగు వేశాడు, కళ్యాణి క్లాసుమేటు తమ్ముడి టీషర్టు వేసుకున్నాడు. ద్వాలి చూసి కడుపు పట్టుకుని నవ్వింది. "గిట్ల పోతే పెండ్లిచూపులకు వచ్చిండనుకుంటరు!"

దవాఖానాలో ఎండకు రంగు కరిగి చెవుల వెనక నుంచి కారింది. ముగ్గురు డాక్టర్లు మోకాళ్లు వంచి చూశారు, వెన్నెముక ఎక్స్‌రే దీపం ముందు పెట్టారు, ఊపిరి బిగబట్టమన్నారు. బిగబడితే దగ్గొచ్చింది. పెద్ద డాక్టరు కళ్లజోడు తీసి మెల్లగా చెప్పాడు.

"పెద్దాయనా, మీ ఒంటిని చూస్తే అరవై ఐదుకు తగ్గవు. రికార్డులో ఉన్నదే మీకు తక్కువ. ఇక కదిలించకండి."

హాతీరాంకు అప్పటికి యాభై ఏడు.

బస్సులో వస్తూ టీషర్టు అంచుతో చెవుల వెనక రంగు తుడుచుకున్నాడు. ఇంటికొచ్చి, పై అంతస్తుకు లేపి ఆపేసిన పిల్లర్ల ఇనప ఊచలను చూస్తూ కూర్చుని ఏడ్చాడు. ఉద్యోగం పోతున్నందుకు కాదు. పదిహేడేళ్ల పోరడు నోటితో అన్న అబద్ధాన్ని బాయి నిజం చేసి, పైన ఇంకో నాలుగేళ్లు వడ్డీ కూడా లాగింది. దిగినప్పుడు వచ్చే డబ్బంతా లోనుకే పోతుంది. కళ్యాణి చదువింకా రెండేళ్లుంది.

ద్వాలి నీళ్ల చెంబు ముందు పెట్టింది. "ఏడ్చుడైతే జల్దీ కానియ్యి. పైన కట్టుడు బంద్. కింది ఇల్లు కిరాయికిద్దం, ఆ పైసలు పిల్ల ఫీజుకు. మనం తండాకు పోదం."

"అందరు నవ్వుతరే!"

"ఈముల కూర తిన్నప్పటి సంది నవ్వుతనే ఉన్నరు. కొత్తగ ఏముంది?"

ఇల్లు కిరాయికిచ్చారు. సామాను ట్రాక్టరెక్కే రోజునే కళ్యాణి పింఛను కాగితాలు నింపుతోంది. తల్లి పుట్టిన తేదీ దగ్గర ఆగింది. సాయానికి వచ్చిన రూప్‌సింగ్ చటుక్కున అందుకున్నాడు. "అయిదేండ్లు కలిపి రాయి బిడ్డా. ముసలోళ్లకిచ్చే కార్డులన్నీ జల్దీ వస్తయ్. మళ్ల ఎవడు అడుగుతడు?"

మంచం మోస్తున్న హాతీరాం దాన్ని దించేశాడు. వచ్చి కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క నెల గూడ కలపకు. ఎవడూ అడగడు. ఒళ్లు అడుగుతది."

రూప్‌సింగ్ బీడీ వెతుక్కున్నాడు. కళ్యాణి తల్లి వైపు తిరిగింది. "యాడీ, మరి నిజంగ నీకెన్ని?"

"నాకేమెరుక? గోదారికి పెద్ద వరదొచ్చిన ఏడు మా అవ్వ నాకు పదమూడన్నది."

కళ్యాణి వేళ్ల మీద లెక్కపెట్టి రాసింది. హాతీరాం అక్కడే నిలబడి, సిరా ఆరిందాకా చూసి, మళ్లీ మంచం ఎత్తుకున్నాడు.