దొడ్డి తలుపు గొళ్ళెం

ఆ రోజుల్లో ప్రాణం పోయినా ఫరవాలేదు గానీ పరువు పోకూడదనుకునేవాణ్ణి. ఇరవై రెండేళ్ల వయసు మరి. మేడ్చల్ నుంచి బస్సెక్కి ఊరూరా తిరిగి, మంచాన పడ్డ పెద్దవాళ్లకు వాళ్ల ఇళ్లలోనే స్నానాలు చేయించి, కాళ్లూ చేతులూ ఆడించడం నా పని. పనిలో పెట్టుకున్నాయన మొదటిరోజే చెప్పాడు: గేటు దగ్గర నిలబడి పిలవాలి, కుక్కను కట్టేశామన్నాకే లోపల అడుగుపెట్టాలి, వెళ్లేటప్పుడు చెప్పి, వాళ్ల చేతే గేటు వేయించాలి. తల ఊపాను. (తల ఊపడంలో నన్ను మించినవాడు లేడు.)

బౌరంపేటలో ఒక ఆసామి ఇంట్లో తాతకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. రోజూ ఆయన చేత 'అ, ఆ' అనిపించడం కూడా నా వంతే. ఆ ఇంటి కుక్కకు మాత్రం మాటకు లోటు లేదు. నేను గేటు బయట నిలబడి "అక్కా, కుక్కను కట్టేసిన్రా?" అని అరిస్తే ఎదురింటి అరుగు మీది ముసలమ్మ పకపకా నవ్వేది. "ఏం పిలగా, తాతను లేపనీకి వచ్చినవా, నిన్నే సంకనెత్తుకొని పోవాల్నా లోపలికి?" నాలుగు రోజులు భరించాను. ఐదో రోజు నుంచి ఎవరికీ చెప్పకుండా ఇంటి వెనక్కి వెళ్లి, బర్రెల కొట్టం పక్కనున్న పొట్టి దొడ్డి తలుపు మీదుగా చెయ్యి పెట్టి, గొళ్ళెం తీసి రాకపోకలు సాగించాను. కుక్క పాపం ముందు గేటు దగ్గరే నాకోసం ఎదురుచూసేది.

ఒక సాయంత్రం బస్సు హారన్ విని పరుగెత్తాను. గొళ్ళెం వేయలేదు.

మర్నాడు వెళ్లేసరికి ఇల్లంతా లొల్లి. సూడి బర్రె కనబడటం లేదు. తాత కొడుకు తన భార్య మీద, అంటే నేను అక్కా అని పిలిచే ఆమె మీద విరుచుకుపడుతున్నాడు. "గొళ్లెం పెట్టనీకి గూడ యాదుండదా నీకు? బర్రె దొరకకుంటే తల్లిగారింటికి నడువ్, మళ్ల రాకు!"

"పెట్టిననే అనుకున్న..." అంటోందామె, తన మీద తనకే నమ్మకం లేనట్టు.

వెనక వసారాలో మంచం మీదున్న తాత ముందురోజు నేను గొళ్ళెం వేయకుండా పోవడం చూశాడు. ఎడమ చెయ్యెత్తి నన్నే చూపించాడు. "సూడు తమ్మీ, గీ లొల్లిల గూడ నిన్నే పిలుస్తున్నడు నాయిన. నువ్వంటే ఎంత పావురమో!" అని కొడుకు నా భుజం తట్టాడు. నాకు చాయ్ కూడా వచ్చింది. తెచ్చింది అక్కే. తాగాను.

మధ్యాహ్నానికి బర్రె ఒక కొత్త స్కూలు ముందు నాటిన పూలమొక్కలన్నీ మేసి, తీరిగ్గా నెమరు వేస్తూ దొరికింది. అక్క మీది నింద మాత్రం పోలేదు. ఆమె రోజుకు పదిసార్లు ఆ గొళ్ళెం తడిమి చూసుకునేది. నేనేమో తాత చేత 'అ, ఆ' అనిపిస్తూనే, ఆయనకు మాట కాస్త ఆలస్యంగా రావాలని మొక్కుకునేవాణ్ణి. (ఇలాంటి సేవ ఏ రోగికీ అంది ఉండదు.) మూడు నెలలకు ఒకనాడు ఆయన నా కళ్లలోకి చూస్తూ స్పష్టంగా అన్నాడు: "గొళ్లెం."

వంటింట్లోంచి అక్క పరుగెత్తుకొచ్చింది. "ఏసిన మామా, ఏసిన! ఇగో, మళ్ల సూసొస్త."

తాత నన్నే చూస్తున్నాడు. "ఇప్పుడు 'ఆ' అను తాతా" అన్నాను.

ఇప్పటికీ ఇదే పని. శామీర్‌పేటలో గాజుతొట్టిలో చేపలు తప్ప మరో పెంపుడు జీవం లేని ఇంటి ముందు కూడా నిలబడి, నెరిసిన తలతో "కుక్కను కట్టేసిన్రా?" అని అరుస్తాను. నవ్వుతారు. నాకూ నవ్వొస్తుంది. వెళ్లేటప్పుడు నా వెనక గడియ పడ్డ చప్పుడు వినేదాకా కదలను. ఇది చదివేవాళ్లలో బౌరంపేటవాళ్లెవరైనా ఉంటే ఆమెకు చెప్పండి: అక్కా, ఆనాడు గొళ్లెం నువ్వు ఏసినవ్. తీసింది నేను.