ఫస్టు షిఫ్టోళ్లు పైకి రాలే

ఎండాకాలంలో గోదావరిఖనిలో రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్లను, మా క్వార్టర్ల లైను మొత్తం చేత ఒక్క పూటలో మోరీలో పోయించిన ఘనత నాది. అప్పటికి నేను రసాయనశాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టి ఏడాది. తెలిసింది గోరంత, చెప్పేది కొండంత.

నా పరిశోధనంతా ఒక తెల్లపొడి మీద. నీళ్లలో ఫినాల్ అనే విషం ఉంటే అది పట్టుకోవాలి. ఫినాల్ అణువుల చుట్టూ ప్లాస్టిక్ లాంటి పదార్థాన్ని గట్టిపరచి, తర్వాత ఆ ఫినాల్‌ను కడిగేస్తాం. అది కూర్చున్న చోట దాని ఆకారంలోనే ఖాళీ మిగులుతుంది. మళ్లీ ఎక్కడ ఫినాల్ తగిలినా వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది. ఎంత చిత్రమో చూడండి, నాకైతే ఇప్పటికీ తలచుకుంటే ముచ్చటేస్తుంది. మా ఊరి నీళ్లను పరీక్షించాలన్న ఆత్రంతో ఆ పొడిని సీసాలో పోసుకుని సెలవులకు ఇంటికొచ్చాను.

పక్కింటి రాజవ్వ మర్నాడు మనవరాలిని ఉయ్యాల తొట్టెలో వేసి పేరు పెట్టాలి. వంటకని రెండు డ్రమ్ముల నీళ్లు పట్టి పెట్టుకుంది. అందులోంచి గ్లాసెడు తీసి, పొడి వేసి, కాసేపాగి రంగు తెలిపే మందు చుక్కలు వేశాను. ఫినాల్ దొరికితే పొడి ఎర్రబడాలి. ఎర్రబడింది.

"అవ్వా, గీ నీళ్లల్ల విషమున్నది."

"ఏందే? పొద్దుగాల పసిదానికి గివ్వే నీళ్లు పోసిన గద."

"ఇగ ముట్టకు. పారబొయ్యి."

రాజవ్వ పరుగున వెళ్లి పసిదాని ఒళ్లంతా కొంగుతో తుడిచింది. అది చూసి భయపడాల్సింది పోయి, నేను లోలోపల సంబరపడ్డాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. డ్రమ్ములు బోర్లించారు. చూసినవాళ్లు చూసినట్టు తమ బిందెలూ గుమ్మరించారు.

మా బాపు బొగ్గుబాయిలో ఫస్టు షిఫ్టు ముగించుకుని వచ్చేసరికి మోరీ వాగులా పారుతోంది. ఆయనకు తిట్టడం రాదు, అడగడమే వచ్చు.

"కొన్న క్యాన్ నీళ్లు చూసినవా?"

చూశాను. ఎరుపే.

"సూదిమందుల కలిపే నీళ్లు మందుల దుకాణంల దొరుకుతయి. అవి తెచ్చి చూడు."

తెచ్చి చూశాను. ఇంకా ఎరుపు.

"లోకంల నీళ్లన్నీ ఖరాబేనా బిడ్డా? నీ పొడి ఎట్ల చేసినవో చెప్పు."

చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మరి లోపలున్న ఫినాల్‌ను మొత్తం కడిగినవా?"

"పదిసార్లు కడగాలె బాపూ. బస్సు పోతదని రెండుసార్లే కడిగిన."

"గదే. ఫస్టు షిఫ్టోళ్లు ఇంకా పైకి రాలే. వాళ్లనే చూసి, సెకండు షిఫ్టోళ్లు దిగిండ్రని నువ్వు హాజరేసినవ్."

పొద్దుగూకేదాకా పక్క వీధి బోరింగు నుంచి బిందెలు మోశాను. డ్రమ్ములు నిండాక రాజవ్వ నా దగ్గరికొచ్చింది.

"దానికి నీ పేరే పెడుదామనుకున్న. ఇప్పుడు ఫికరైతాంది."

పంచభూతాల సాక్షిగా, ముఖ్యంగా నీటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పదిసార్లు కడగందే పొడి తీయను, పొడి తీసినా నోరు తెరవను. రాజవ్వ మనవరాలు ఇప్పుడు బడికి పోతోంది. నేను వాళ్లింటి గడప తొక్కితే చాలు, పరుగెత్తుకెళ్లి నీళ్ల బిందె మీద మూత పెడుతుంది.