బిల్లు నంబరు లేని వరసలు

మా ఆఫీసులో ఆయన్ని అందరూ మేస్త్రి అనేవారు. ఆ పేరు పెట్టింది నేనే. గోడ కట్టేవాడు దారం పట్టి ఇటుకల వరస చూసుకున్నట్టు, రాత్రి వచ్చిపడిన లెక్కల వరసల్ని ఆయన పొద్దున్నే కూర్చుని సరిచూసుకునేవాడు. పక్క కుర్చీలో నేను ఎంత వెటకారం చేసినా తల తిప్పేవాడు కాదు.

మాది చెవిటి మిషన్లు అమ్మే కంపెనీ. ఇరవై రెండు బ్రాంచీలు. బ్రాంచీల్లో ఉన్నది ఎప్పటిదో పాత డేటాబేస్. పై అధికారులకు రిపోర్టులిచ్చే డేటా వేర్‌హౌస్ ఇంకో రకం డేటాబేస్ మీద నడుస్తుంది. రెండింటికీ పడదు. పాతదానికి ఏ గడి ఖాళీగా ఉన్నా చింత లేదు. కొత్తది మాత్రం బిల్లు నంబరు లేని వరసను గడప కూడా తొక్కనివ్వదు, తీసి ఓ మూల ఫైల్లో పడేస్తుంది. రోజుకు నాలుగు వేల వరసలు పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి దాటిస్తే అలా మూల పడేవి ముప్పై. నూటికి ఒకటిలోపు ఉంటే పట్టించుకోనక్కర్లేదని నేనూ ఆయనా కలిసే రూలు పెట్టుకున్నాం. మా తెలివికి మేమే మురిసిపోయాం కూడా.

ఆ ఇరవై రెండింట్లో ఒక బ్రాంచి ఆయన అక్కది. రెండే గదులు, ఆవిడ ఒక్కతే మనిషి. తల్లి పోయేనాటికి ఆవిడకు పద్దెనిమిది, తమ్ముడికి తొమ్మిది. ఆ ఏడే ఉద్యోగంలో చేరింది. బడి వదలగానే తమ్ముడు అక్కడికే వచ్చేవాడు. చెవి పరీక్ష చేసే గది ఖాళీగా ఉంటే అందులో కూర్చోబెట్టి తలుపేసి చదివించేది. బయటి చప్పుడు ఒక్కటీ లోపలికి రాని గది అది. ఆయన అన్నం తినడం దగ్గర్నుంచి ఇంత ఉద్యోగం చేయడం దాకా అంతా ఆవిడ చలవే. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం మేస్త్రి పని ఆపి నా వైపు తిరిగేవాడు.

నిరుడు రిపోర్టులో అక్క బ్రాంచి అట్టడుగున తేలింది. రోజుకు ముగ్గురంటే ముగ్గురే వస్తున్నారని ఉంది. మూసేద్దామా అని మేనేజరు ఆలోచనలో పడి, "లెక్క సరిగ్గానే ఉందా?" అని మేస్త్రిని పిలిచి అడిగాడు. మేస్త్రి రెండు రోజులు కూర్చుని మళ్లీ మళ్లీ సరిచూసి, ఉందన్నాడు. అక్కను ఒక్క మాట అడగవయ్యా అని నేనంటే, "అడిగితే చిన్నబుచ్చుకుంటుంది. ఆ వీధిలో జనం తగ్గినట్టున్నారు" అన్నాడు. మొండి మనిషి. నేనైనా గట్టిగా పోట్లాడి ఉండాల్సింది. పోట్లాడలేదు.

ఆ లెక్క కాగితం మీద అక్క చేత సంతకం పెట్టించుకుని బ్రాంచి మూసేశారు. ముప్పై ఆరేళ్లు చేసిన ఉద్యోగం నుంచి ఆవిడ మారు మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోయింది.

నాలుగు నెలల తర్వాత, సంవత్సరాంతపు లెక్కలు చూస్తూ మేస్త్రి ఉన్నట్టుండి ఆగిపోయాడు. మూల పడే ముప్పై వరసలు బ్రాంచి మూసిన రోజు నుంచి ఒక్కటీ రావడం లేదు. ఆ ఫైలు తెరిచాడు. ఏళ్ల తరబడి పేరుకున్న వరసలన్నీ ఒక్క బ్రాంచివే. చిన్న చిన్న ఉచిత పనులకు మిగతా బ్రాంచీలన్నీ సున్నా రూపాయల బిల్లు వేసేవి. అక్క వేసేది కాదు. బిల్లు కాగితం కనబడితే ముసలివాళ్లు బెదిరి మళ్లీ రారని బిల్లు నంబరు గడి ఖాళీగా వదిలేసేది. పక్కన మాత్రం అన్నీ రాసేది: "ట్యూబు మార్చాను." "గులిమి తీశాను." "చెయ్యి వణుకుతోంది, బ్యాటరీ తనే వేసుకోలేడు, ప్రతి సోమవారం రమ్మన్నాను."

మేస్త్రి చదువుతూనే ఉన్నాడు.

మేనేజరు దగ్గరికి పరుగెత్తాం. ఆయన మంచివాడే, వెంటనే ఫోన్లు చేసి కనుక్కున్నాడు. గదులు వేరేవాళ్లకు వెళ్లిపోయాయట, పరీక్ష గదిని విప్పేశారట. "అయిందేదో అయింది. ఆ లోపం మాత్రం సరిచెయ్యండి" అన్నాడు.

ఆ సాయంత్రం మేస్త్రి అక్క ఇంటికి బయల్దేరాడు. ఒక్కడినే వెళ్లలేనంటే నేనూ వెళ్లాను. వంటగదిలో పొయ్యి పైన గోడకు ఒక చీటీ అంటించి ఉంది: ఆపానా? వీధి తలుపుకు ఇంకోటి: తాళం వేశానా? బల్ల మీద పెద్ద డాక్టరు రాసిన మందులు. ఆవిడ నన్ను కూర్చోమ్మా అని, మంచినీళ్లిచ్చింది.

మేస్త్రి నేల చూపులు చూస్తూ ఉన్నదంతా చెప్పేశాడు. ఆవిడ చివర్న మెల్లగా అడిగింది.

"అయితే వాళ్లంతా నిజంగా వచ్చినట్టేనా?"

"వచ్చారక్కా. రోజుకు ముప్పై మంది పైనే."

"ఆ బ్యాటరీ పెద్దాయన కూడా?"

"ఆయన కూడా. ప్రతి సోమవారం వచ్చాడు."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. "ముగ్గురే వచ్చారని కాగితంలో చూసినప్పట్నుంచీ నాకే మతి పోతోందనుకున్నాన్రా. లేని మనుషులు కనబడుతున్నారేమోనని డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాను. మందులిచ్చాడు, మింగుతున్నాను."

మేస్త్రి తలెత్తాడు. "ఆ కాగితం మీద సంతకం పెట్టమన్నప్పుడు ఇది తప్పని ఒక్క మాట అనకపోయావా అక్కా. నీ కళ్లతో చూశావు కదా."

"ఎలా అంటాన్రా," అంది ఆవిడ. "అది నువ్వు చూసే లెక్క కదా."