కార్ల తమాషాలో బాపు నడిపిన జీపు

మా ఇంటి వెనక సందులో ఒక మెకానిక్ షెడ్డు ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం పూట అక్కడ నిలబెట్టిన పాత జీపుల సీట్లు వేడెక్కి, ఆ రెగ్జిన్ వాసనలో పెట్రోలూ గ్రీజూ కలిసి, గాలి ఇటు మళ్ళినప్పుడల్లా మా వంటింట్లోకి వచ్చేస్తుంది. పక్క ఇళ్ళవాళ్ళు ముక్కులు మూసుకుని కిటికీలు వేసుకుంటారు. నేను మాత్రం పొయ్యి మీద కూర మాడిపోతున్నా సరే, రెండు రెక్కలూ బార్లా తెరిచి కాసేపు నిలబడతాను. ఆ వాసన వచ్చిందంటే నాకు పదేళ్ళు, కాళ్ళకు పండక్కి కొన్న కొత్త చెప్పులు, చేతిలో సగం తిన్న సీతాఫలం, ఎదురుగా కరీంనగర్ కాలేజీ మైదానం నిండా కార్లు.

మేం గోదావరిఖనిలో బొగ్గుబాయి కాలనీలో ఉండేవాళ్ళం. వరసకు పది క్వార్టర్లు, ప్రతి ఇంటి ముందూ బొగ్గు కుంపటి, తెల్లారకముందే లేచే పొగ, తీగ మీద ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగుకు తిరగడం, ఇవన్నీ లోకమంతటా ఇలాగే ఉంటాయని నేననుకునేదాన్ని. మా నాన్నను బాపు అనేవాళ్ళం, ఆయన ఆ బొగ్గుగనిలో హాలేజీ నడిపేవాడు. హాలేజీ అంటే ఇనుప తాడుతో బొగ్గు టబ్బులను లాగే యంత్రం. ఎండ పొడ తగలని ఆ లోపల బాపు కూర్చున్న చోటికి టబ్బులు కనబడవు, మనుషులూ కనబడరు. ఎక్కడో లోపల ఎవరో తీగ లాగితే బాపు దగ్గర గంట మోగుతుంది, ఆ గంటల లెక్కను బట్టి ఆయన చేత్తో లివర్లు తిప్పాలి. లాగడానికొక లెక్క, వదలడానికొక లెక్క, మనుషులు ఎక్కినప్పుడు ఇంకొక లెక్క. వాటన్నిటిలో ఇప్పుడు తికమక పడతాను కానీ ఒకటి మాత్రం మరచిపోలేదు. నడుస్తుండగా ఒకే ఒక్క గంట వినబడితే ఉన్నపళంగా ఆపేయాలి. కాలనీ పిల్లలందరికీ ఇది తెలుసు, ఎందుకంటే మా ఆట కూడా అదే. నూనె డబ్బాలకు తాడు కట్టి టబ్బులు చేసి, ఒకరం లాగుతుంటే ఇంకొకరం గరిటెతో పళ్ళెం మీద కొట్టేవాళ్ళం. ఒక్క దెబ్బకు ఆగకపోతే వాడు ఆటలోంచి ఔట్, పైగా ఆ పూటంతా వాడితో ఎవరూ మాట్లాడకూడదు.

ఈ గంటల లెక్కంటే మాకు ఆటే కానీ అమ్మకు, అంటే మా అవ్వకు కాదు. బాపు బాయిలోకి దిగిన రోజు ఆయన ఎక్కి ఇంటికొచ్చేదాకా అవ్వ ముద్ద నోట్లో పెట్టేది కాదు. ఆయనకు భూమి మీద పని దొరికితే నడిచి వస్తానని కొండగట్టు అంజన్నకు మొక్కుకుంది. ఆ ఏడు దసరాకు కాస్త ముందు, పైన జీపు నడపడానికి డ్రైవర్లు కావాలని, లోపల పనిచేసే వాళ్ళలో లైసెన్సు ఉన్నవాళ్ళు దరఖాస్తు పెట్టుకోవచ్చని తెలిసింది. హుజూరాబాద్‌లో ఉన్న మా మేనమామ దగ్గర బాపు ట్రాక్టర్ నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాడు. దరఖాస్తూ పెట్టాడు. కానీ నెలన్నర తర్వాత జరిగే పరీక్షలో నడపాల్సింది జీపు. జీపు స్టీరింగు ముందు బాపు అంతవరకూ ఒక్కసారీ కూర్చోలేదు.

అలాంటప్పుడు కరీంనగర్‌లో కార్ల తమాషా పెడుతున్నారన్న కబురొచ్చింది. పెట్టినవాళ్ళు దాన్ని ప్రదర్శన అన్నారు కానీ మా కాలనీలో దాని పేరు తమాషానే. ఊళ్ళో ఉన్న పాత కార్లు, కొత్త కార్లు, జీపులు, ట్రాక్టర్లు అన్నీ ఒక్కచోట చూడొచ్చట, నేర్చుకునేవాళ్ళు నడిపి కూడా చూడొచ్చట. ఒక ఐతారం నాడు, ఆదివారం బాయికి సెలవు కాబట్టి, మా వరసవాళ్ళంతా కలిసి లారీ మాట్లాడుకున్నారు. లారీలో గడ్డి పరిచి దాని మీద జంపఖానాలు వేశారు. అవ్వ సద్దుల బతుకమ్మకు చేసినట్టే జొన్నరొట్టెలు చిదిపి, బెల్లం వేసి, నెయ్యి తగిలించి మలీద ముద్దలు కట్టింది. పక్కింటివాళ్ళు మక్కగారెలు తెచ్చారు, ఇంకొకళ్ళు డబ్బా నిండా సర్వపిండి. దారి పొడుగునా చెట్ల కింద సీతాఫలాలు కుప్పలు పోసి అమ్ముతుంటే ఒక గంప ఎక్కించుకున్నాం. కరీంనగర్ చేరేసరికి లారీ అడుగున గడ్డి కంటే సీతాఫలం గింజలే ఎక్కువ.

గేటు దగ్గరే మావాళ్ళు పరువు తీశారు. అక్కడ ఖాకీ చొక్కా వేసుకుని ఒక కావలి మనిషి నిలబడ్డాడు. బాయి దిగేముందు నిప్పు పుట్టించే వస్తువేదీ లోపలికి పోకుండా ఖాకీ చొక్కావాళ్ళే జేబులు తడిమి చూస్తారు. మా మగవాళ్ళకు అది ఎంత అలవాటైపోయిందంటే, ఎవరూ అడగకుండానే వరసగా నిలబడి, బీడీ కట్టలూ అగ్గిపెట్టెలూ తీసి ఆ కావలి మనిషి కుర్చీలో పెట్టి, రెండు చేతులూ పైకెత్తి నిలుచున్నారు. ఆయన బిత్తరపోయి, “ఏందయ్యా, నేనేమన్న మిమ్ముల దోసుకుంటున్ననా? చేతులెందుకు లేపుతుండ్రు?” అన్నాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. బాపు కూడా నవ్వాడు కానీ అగ్గిపెట్టె మాత్రం వెనక్కి తీసుకోలేదు.

లోపల నా కళ్ళు చాలలేదు. బంతిపూల దండలు వేసిన ట్రాక్టర్లు ఒకవైపు, పెళ్ళివారి విడిదిలో పెద్దమనుషుల్లా బారుగా కూర్చున్న తెల్ల అంబాసిడర్లు ఇంకోవైపు. ఒక డేరాలో ఇంజనును అడ్డంగా కోసి, లోపలి చక్రాలు మెల్లగా తిరుగుతుంటే చూపిస్తున్నారు. దాని ముందు నుంచి మగవాళ్ళను కదిలించడం ఎవరి వల్లా కాలేదు. ఆడవాళ్ళు మాత్రం మెరిసే కారు తలుపు కనబడితే చాలు, వంగి అందులో బొట్టు సరిచేసుకునేవాళ్ళు. మైదానం కొసన తాళ్ళు కట్టిన అరుగు మీద, ఎప్పటిదో ఒక దొర వాడిన పెద్ద నల్ల కారు ఉంది. దానికి రబ్బరు బుడగ హారన్, పొద్దుతిరుగుడు పువ్వంతేసి లైట్లు. దాన్ని ముట్టుకోకూడదని ఇద్దరు మనుషులు కర్రలు పట్టుకుని కాపలా.

నడిపి చూసే జీపు ఆ పక్కనే ఉంది. హుసేన్ మేస్త్రీ అని కరీంనగర్‌లోనే షెడ్డు నడిపే ముసలాయన, లైసెన్సు చూసి ఒక్కొక్కరినీ ఎక్కించుకుని మైదానం చుట్టూ ఒక చుట్టు తిప్పిస్తున్నాడు. ఒకరు దిగగానే తర్వాతివాళ్ళను పిలవడానికి వేపకొమ్మకు పాత చక్రం రింగు వేలాడదీసి, పక్కనే ఒక పానా ఉంచారు. బాపు దూరంగానే నిలబడిపోయాడు. ప్యాంట్లు ఇస్త్రీ చేసుకుని వచ్చిన వాళ్ళ వరసలో, గోళ్ళ సందుల్లో బొగ్గుతో నిలబడడానికి ఆయనకు బెరుకు.

“గింత దూరం వచ్చింది చూసిపోతందుకా? జర పోయి నడిపి చూడరాదయ్యా,” అంది అవ్వ.

బాపు వెళ్ళాడు. వంతు వచ్చాక సీటు మీద ముందు తన తువ్వాల పరిచి, దాని మీద కూర్చున్నాడు. ఎక్కడ కూర్చున్నా అంతే ఆయన, తన ఒంటి బొగ్గు ఎవరి సీటుకూ అంటకూడదు. నేను వేపచెట్టు కింద రింగు పక్కన నిలబడి చూస్తున్నాను. జీపు మొదట రెండుసార్లు దగ్గి, తర్వాత బుద్ధిగా కదిలింది. సగం చుట్టు ఎంతో బాగా నడిపాడు. అవ్వ పెదవులు కదులుతున్నాయి, అంజన్న పేరే అయి ఉంటుంది. మలుపు దగ్గర లౌడు స్పీకరు ఒక్కసారిగా బొంగురుగా అరవడంతో బాపు తడబడ్డాడు. ట్రాక్టరుకు అలవాటైన కాలు దేన్నో తొక్కబోయి దేన్ని తొక్కిందో, జీపు ఒక్క ఊపున తాళ్ళవైపు, ఆ నల్ల కారు మీదికి దూసుకుపోయింది. మేస్త్రీ “బ్రేక్! బ్రేక్!” అని అరుస్తున్నాడు, జనం అరుస్తున్నారు, బాపుకు ఏదీ చెవికెక్కడం లేదని ఇంత దూరం నుంచి నాకు తెలుస్తోంది. నేనేం ఆలోచించానని అడిగితే ఏమీ ఆలోచించలేదు. పానా తీసి రింగు మీద ఒక్కటి కొట్టాను.

ఖంగుమంది. ఆ మరుక్షణం బాపు కాళ్ళు రెండూ పైకి లేచాయి, ఎడమచెయ్యి పోయి పక్కనున్న చేతి బ్రేకును బలంగా లాగేసింది. జీపు గింజుకుని, దుమ్ము లేపి, నల్ల కారుకు జానెడు దూరంలో ఆగిపోయింది.

ఆ తర్వాత ఇస్త్రీ ప్యాంట్ల వరసలోంచి ఎవరో, “కాళ్ళు మీదికి లేపి చేత్తోని ఆపెటోడు గూడ డ్రైవరేనా!” అన్నాడు. మైదానమంతా గొల్లుమంది. బాపు దిగి, తువ్వాల దులిపి మడత పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా లారీ దగ్గరికి నడిచాడు.

లారీ నీడలో అవ్వ మలీద విప్పింది కానీ ఎవరూ ముట్టుకోలేదు. నేను ఆ రింగు కొట్టకపోతే బాపు తనంతట తను ఆపేవాడేమో, నలుగురిలో నవ్వులపాలు చేసింది నేనేనేమో అని నా భయం. “ఈ దరఖాస్తు వాపసు తీసుకుంట,” అన్నాడు బాపు కాసేపటికి. అవ్వ తల వంచుకుంది. ఆమె ఏడవలేదు, విప్పిన మలీద మూటను మళ్ళీ ముడి వేసేసింది.

“నేనే కొట్టిన బాపూ,” అన్నాను, అనేసి వెక్కి వెక్కి ఏడ్చాను.

బాపు నన్ను దగ్గరికి లాక్కున్నాడు. “పిచ్చి బిడ్డా. గంట ఇనవడితె ఎవలు కొట్టిండ్రు, ఎందుకు కొట్టిండ్రు అని అడుగుతమా? ముందుగాల ఆపుతం. కొట్టినోళ్ళ మీద కోపం చేసెటోడు బాయిల పనికిరాడు,” అన్నాడు.

ఇంతలో హుసేన్ మేస్త్రీ రెండు చాయ గ్లాసులు పట్టుకుని మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. జీపుకు ఏమన్నా అయిందేమోనని బాపు లేచి నిలబడ్డాడు. మేస్త్రీ ఒక గ్లాసు ఆయన చేతిలో పెట్టి, గడ్డి మీదే కూలబడ్డాడు.

“మైనుల ఏం పని చేస్తవ్ భాయ్?”

“హాలేజీ నడుపుత.”

“గదే అనుకున్న!” అని ముసలాయన తొడ చరుచుకున్నాడు. “నీ చేతికి అకల్ ఉన్నది, తెలివి ఉన్నది, కాలుకు ఇంక రాలె. గంతే. కాలుకు నేర్పుడు ఎంతసేపు? ఐతారం ఐతారం నా షెడ్డుకు రా. ఫికర్ చెయ్యకు.”

అవ్వ మలీద ముద్దల మూట మొత్తం తీసి మేస్త్రీ ముందు పెట్టింది. ఆయన ఒకటి తిని, తమ్ముడికోసమో మనవడికోసమో ఇంకో రెండు రుమాలులో కట్టుకున్నాడు.

ఆ తర్వాత నాలుగు ఐతారాలు బాపు ఎర్రబస్సు పట్టుకుని కరీంనగర్ పోయాడు. మేస్త్రీ ఆయన ఎడమచేతిని తువ్వాలతో సీటుకు కట్టేసి, గేరు మార్చినప్పుడు తప్ప విప్పకుండా, కాళ్ళతోనే ఆపడం నేర్పాడట. పరీక్షలో బాపు నెగ్గాడు. అవ్వ కొండగట్టుకు నడిచి పోయి వచ్చి, వారం రోజులు కాళ్ళకు నువ్వులనూనె రాయించుకుంది, రాసింది నేనే.

బాపు పైకి వచ్చిన రెండో ఏడు, ఒక పగటిపూట వేళ కాని వేళలో బాయి సైరన్ మోగింది. అలా మోగిందంటే లోపల ఎవరికో ఏదో అయిందని అర్థం. అవ్వ కడుగుతున్న బియ్యం అక్కడే వదిలేసి ఒంటి చెప్పుతో వీధిలోకి ఉరికింది. వరస చివరిదాకా ఉరికి, నడిరోడ్డు మీద టక్కున ఆగిపోయింది. ఆయన పైన ఉన్నాడన్నది అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. అక్కడే కూలబడి, నవ్వో ఏడుపో తెలియకుండా కాసేపు ఊగిపోయింది. తర్వాత లేచి, కొంగు సర్దుకుని, ఇంటికి రాకుండా నేరుగా పక్కింటికి పోయింది, ఆ ఇంటాయన ఆ పూట బాయిలో ఉన్నాడు కాబట్టి. ఆయన కాలు విరిగినా ప్రాణంతో బయటపడ్డాడు. ఆసుపత్రికి తీసుకుపోయింది బాపు జీపులోనే. ఆ రోజంతా అవ్వ పక్కింటామె చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు ఆ బాయి మూతపడింది. క్వార్టర్ల వరసలు పోయి, బొగ్గు కోసం పైనుంచి తవ్విన పెద్ద గొయ్యి అక్కడ మిగిలింది. నూనె డబ్బాల టబ్బుల ఆట చెబితే మా పిల్లలకు అర్థం కాదు. కాలేజీ మైదానంలో సగం మీద దుకాణాలు లేచాయి. హుసేన్ మేస్త్రీ పోయి చాలా ఏళ్ళయింది. ఆయన షెడ్డు ఎక్కడుండేదో బాపు నాకు ఒకసారి చూపించాడు కానీ, మేస్త్రీ బతికుండగా వెళ్ళి ఆ కాళ్ళకు దండం పెట్టలేకపోయాను. అప్పటి పిల్లకు తెలియలేదు, పెద్దయ్యాక తీరలేదు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను. నేను ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే, బాపు భూమి మీదికి వచ్చి నన్ను చదివించాడు కాబట్టి, ఆయన పైకి వచ్చింది ఆ ముసలాయన చాయ గ్లాసులతో మమ్మల్ని వెతుక్కుంటూ రాబట్టి.

బాపు ఇప్పుడు నా దగ్గరే ఉంటాడు. పొద్దున్నే కుర్చీ వాకిట్లోకి జరుపుకుని, ఎండ ఎటు మళ్ళితే అటు కుర్చీని మళ్ళించుకుంటూ, ముఖం మీద వెలుగు పడేలా మధ్యాహ్నం దాకా కూర్చుంటాడు. అవ్వ ఆయన్ని అన్నిటికీ సతాయిస్తుంది, మందు మింగలేదని, చెవి మిషన్ పెట్టుకోలేదని, పేపరు చించాడని. ఎండలోంచి లోపలికి రమ్మని మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు.